రాట్‌నెస్ట్‌లో వీకెండ్: ముందు గాలి చూసుకోండి, తర్వాతే సైకిల్

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చదువుకునేవాళ్ళకి శని, ఆదివారాల్లో వెళ్ళిరావడానికి రాట్‌నెస్ట్‌ని మించిన దీవి లేదు. పెర్త్ రేవు ఫ్రీమాంటిల్ నుంచి సుమారు 19 కిలోమీటర్లు, ఫెర్రీలో అరగంట. దేశం దాటే పని లేదు కాబట్టి వీసా తలనొప్పి లేదు. దీవి పొడవు 11 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట నాలుగున్నర. సొంత కార్లకి అనుమతి లేదు. సైకిలో, బస్సో, కాళ్ళో, అంతే. ఇంత చిన్న చోట ఏం ప్లాన్ చేస్తాంలే అనుకుని వెళ్ళినవాళ్ళే సాయంత్రం ఫెర్రీలో నీరసంగా కూలబడి కనిపిస్తారు. వాళ్ళని దెబ్బతీసేది దూరం కాదు, గాలి.

వేసవిలో, అంటే అక్కడి లెక్కలో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పూట గాలి సాధారణంగా తూర్పు నుంచి వీస్తుంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి చల్లటి సముద్రపు గాలి చొరబడుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి నైరుతి నుంచి బలంగా కొడుతుంది. పెర్త్ జనం దీన్ని ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది ఎండ నుంచి ఉపశమనం. దీవి మీద పడమటి వైపు సైకిల్ తొక్కేవాడికి మాత్రం నరకం.

ఫెర్రీ దిగే చోట ఉన్న చిన్న ఊరు సెటిల్‌మెంట్, అది దీవికి తూర్పు కొసన ఉంది. చూడాల్సిన వెస్ట్ ఎండ్ పడమటి కొసన, సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉంది. కాబట్టి పొద్దున్నే దక్షిణ తీరం వెంట పడమటికి వెళ్ళండి, తూర్పుగాలి వీపున తోస్తుంది. మధ్యాహ్నం ఉత్తర తీరం వెంట వెనక్కి రండి, అప్పుడు నైరుతి గాలి తోస్తుంది. లాభం తొక్కడంలోనే కాదు, బీచ్‌ల్లోనూ ఉంది. దక్షిణ తీరంలో నీళ్ళు పొద్దున ప్రశాంతంగా ఉంటాయి, మధ్యాహ్నానికి అలలు లేస్తాయి. ఉత్తరపు బీచ్‌లకి దీవే అడ్డుగోడ కాబట్టి సాయంత్రం దాకా నిలకడగా ఉంటాయి. దీన్ని తిరగేసి, పొద్దున ఉత్తర తీరంలోని బేసిన్ మడుగులో ఈత కొట్టి మధ్యాహ్నం వెస్ట్ ఎండ్ బయల్దేరారా, రెండు వైపులా నష్టమే.

బయల్దేరే ముందురోజు అక్కడి వాతావరణ శాఖ బ్యూరో ఆఫ్ మెటియరాలజీ యాప్‌లో గాలి దిశ, వేగం గంట గంటకీ చూడండి. 20 నాట్లు (గంటకి సుమారు 37 కిలోమీటర్లు) దాటుతుందంటే వెస్ట్ ఎండ్‌కి బస్సులో వెళ్ళడం మేలు. చలికాలంలో ఈ లెక్క పనిచేయదు. మే నుంచి ఆగస్టు దాకా పడమటి తుఫాను గాలులు వచ్చిపోతుంటాయి, ముందు వాయవ్యం నుంచి, తర్వాత నైరుతికి తిరుగుతాయి. అప్పుడు ఉత్తరపు బీచ్‌లే ముందు దెబ్బతింటాయి. సముద్రం మరీ పొంగితే ఫెర్రీలే రద్దవుతాయి. ఆదివారం సాయంత్రం రావాల్సిన ఫెర్రీ సోమవారానికి జరగొచ్చు కాబట్టి, సోమవారం పొద్దున ల్యాబ్ పరీక్షో అసైన్‌మెంట్ గడువో ఉన్న వారం చలికాలపు ట్రిప్ పెట్టుకోకండి.

ఇక డబ్బు, పని గంటలు. వీకెండ్ షిఫ్ట్ వదులుకుని వెళ్ళే స్టూడెంట్లు ఆ గంటల్ని వచ్చే వారం పూడ్చుకోవాలనుకుంటారు. ఇక్కడే చాలామంది తెలియకుండా ఇరుక్కుంటారు. క్లాసులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద ఫోర్ట్‌నైట్‌కి 48 గంటలే పని చెయ్యాలి. ఫోర్ట్‌నైట్ అంటే సోమవారం మొదలయ్యే ఏ 14 రోజులైనా సరే. అంటే ప్రతి సోమవారం కొత్త లెక్క మొదలవుతుంది, ఒకదాని మీద ఒకటి పడుతుంది. వారానికి 24 గంటలు చేసే మనిషి ట్రిప్ వారంలో 12 చేసి, పై వారం 36 చేశాడనుకోండి. ఆ రెండూ కలిపితే 48, బానే ఉంది. కానీ ఆ మీదటి వారం మామూలుగా 24 చేస్తే 36తో కలిపి 60 అవుతుంది. గీత దాటినట్టే. మూడో వారం కూడా 12కే ఆగాలి. పూడ్చుకోవడం అన్న ఆలోచన ఈ రూల్ కింద కుదరదు, పోయిన గంటలు పోయినట్టే అనుకుని బడ్జెట్ వేసుకోండి. పరిశోధనా మాస్టర్స్, పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్ళకి ఈ పరిమితి లేదు. సెలవుల్లో ఎవరికీ లేదు. అందుకే సెమిస్టర్ బ్రేక్‌లో ట్రిప్ పెట్టుకుంటే లెక్కల గోలే ఉండదు. అయితే స్కూలు సెలవులు కూడా అప్పుడే పడితే గదులు దొరకవు.

ఫెర్రీలు మూడు చోట్ల నుంచి బయల్దేరతాయి. పెర్త్ సిటీలోని బరాక్ స్ట్రీట్ జెట్టీ నుంచి స్వాన్ నది మీదుగా గంటన్నర పడుతుంది. ఉత్తరాన హిల్లరీస్ నుంచి ముప్పావుగంట. ఫ్రీమాంటిల్ నుంచి అరగంట. కారు లేని స్టూడెంట్‌కి ఫ్రీమాంటిలే సరి. పెర్త్ స్టేషన్‌లో ఫ్రీమాంటిల్ లైన్ రైలెక్కి అరగంటలో చివరి స్టేషన్‌లో దిగితే, విక్టోరియా కీ రేవులో ఉన్న బీ షెడ్ టెర్మినల్‌కి నడిచి వెళ్ళొచ్చు. కానీ ఫ్రీమాంటిల్ అన్న పేరు మీద రెండు టెర్మినళ్ళున్నాయి. రెండోది రౌస్ హెడ్ వైపు, నార్త్‌పోర్ట్. అది నదికి అవతలి ఒడ్డున ఉంది, స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం కాదు. కార్లో వచ్చి పార్క్ చేసేవాళ్ళ కోసం అది. టికెట్ కొనేటప్పుడు టైమ్ ఒక్కటే చూసి నార్త్‌పోర్ట్ ఫెర్రీ బుక్ చేసి, బీ షెడ్ ముందు నిలబడితే ఆ పడవ మీ కళ్ళముందే వెళ్ళిపోతుంది. ఇంకో సంగతి, ఆదివారం తొలి రైళ్ళు మామూలు రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతాయి. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేవాళ్ళకి ఇబ్బంది లేదు. ఆదివారం ఒక్కరోజుకే వెళ్ళేవాళ్ళు మాత్రం తొలి రైలు దిగే టైముకీ తొలి ఫెర్రీకీ మధ్య కనీసం ముప్పావుగంట ఉందో లేదో చూసుకోవాలి. ఫెర్రీ చెకిన్‌కి అరగంట ముందే రమ్మంటారు.

దీవిలోకి వెళ్ళడానికి కట్టే ప్రవేశ రుసుము ఫెర్రీ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. స్టూడెంట్ రాయితీ అని కనిపించినా, అది ఏ కార్డు ఉన్నవాళ్ళకో కింద చిన్న అక్షరాల్లో చదవండి. కాలేజీ ఐడీ కార్డు చాలదన్న సంగతి ఎక్కేటప్పుడు తెలిస్తే తేడా డబ్బు కట్టాలి. నలుగురైదుగురు రూమ్మేట్లు కలిసి ఒకరి పేరు మీద బుక్ చేస్తే, టికెట్లని అందరి ఫోన్లలోకీ పంపుకోండి.

కడుపులో తిప్పే రకమైతే పై డెక్ మోజు వదిలేసి కింది డెక్‌లో వెనక, మధ్యగా కూర్చోండి. అక్కడ పడవ ఊపు తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా సముద్రపు అంచుని చూడాలి. వికారం ఆపే హయోసిన్ మాత్ర ఫార్మసీలో అడిగి తీసుకుని ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. ఆ మాత్రకి నిద్ర వస్తుంది, నోరెండిపోతుంది. మీకు ఇంకేవైనా జబ్బులూ మందులూ ఉంటే ఫార్మసిస్ట్‌కి చెప్పండి.

సైకిల్ సొంతది ఉంటే ఫెర్రీలో అదనపు డబ్బు కట్టి తీసుకెళ్ళొచ్చు. లేకపోతే ఫెర్రీ కంపెనీ దగ్గరో, దీవి మీద పెడల్ అండ్ ఫ్లిప్పర్ షాపులోనో అద్దెకి తీసుకోవచ్చు. అద్దె సైకిల్ చేతికివ్వగానే తొక్కుకుంటూ వెళ్ళిపోకండి. ముందు రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చక్రం ఆగుతుందో లేదో చూడండి. సీటు మీద కూర్చుని పెడల్ కిందికి పెడితే మోకాలు కొంచెం మాత్రమే వంగాలి. సీటు తక్కువైతే 22 కిలోమీటర్ల తర్వాత మోకాళ్ళు పట్టేస్తాయి. గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి, ఎందుకంటే దారి చదును కాదు. పొట్టి పొట్టి ఏటవాలు గుట్టలు ఒకదాని వెనకొకటి వస్తాయి. గేర్లు లేని సైకిల్ చవకని తీసుకుంటే నడిపించుకుంటూ ఎక్కాలి. హెల్మెట్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో చట్టరీత్యా తప్పనిసరి. సైకిల్ మీదున్న నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి. బీచ్ స్టాండ్‌లో ఒకే రంగు సైకిళ్ళు పాతిక నిలబడి ఉంటే మీదేదో మీకే తెలియదు. తాళం వెయ్యకపోతే పక్కవాళ్ళు పొరపాటున ఎక్కి పోతారు. సెటిల్‌మెంట్ దుకాణాల మధ్య దిగి నడిపించాలి.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, వేసవిలో వెస్ట్ ఎండ్ దాకా అయితే మూడు. సెటిల్‌మెంట్‌లోనే నింపుకోండి. ఉత్తరాన జార్డీ బే దగ్గర చిన్న షాపు ఉంది. వెస్ట్ ఎండ్ వైపు నీళ్ళు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకండి. అటు నీడ కూడా దాదాపు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే యూవీ ఇండెక్స్ వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే. మన ఒంటిరంగుకి ఎండ తగలదన్న ధీమా పనికిరాదు. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ క్రీమ్ బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు రాసుకుని, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి లేచాక మళ్ళీ రాయాలి. అందరూ మర్చిపోయే చోట్లు పాదాల పైభాగం, చెవులు, మెడ వెనక, హ్యాండిల్ పట్టుకున్నప్పుడు పైకి ఉండే చేతుల వెనక భాగం.

తిండికి సెటిల్‌మెంట్‌లో బేకరీ, జనరల్ స్టోర్ ఉన్నాయి. దీవి కాబట్టి ఊరికన్నా ధర ఎక్కువ. శాకాహారులు పులిహోరో, చపాతీ రోలో డబ్బాలో పెట్టుకెళ్తే సుఖం. డబ్బా మూత మాత్రం గట్టిగా ఉండాలి, బ్యాగ్ జిప్ పూర్తిగా వెయ్యాలి. దీవి మీద తిరిగే చిన్న జంతువులు క్వొక్కాలకి జంకు లేదు, ముక్కు చురుకు. బల్ల కింద పెట్టిన బ్యాగ్‌లో తల దూర్చేస్తాయి.

ఈ క్వొక్కాల కోసమే చాలామంది వస్తారు. పిల్లి అంత ఉండే కంగారూ జాతి జంతువు. 1696లో వచ్చిన డచ్ నావికుడు విల్లెమ్ డి వ్లామింగ్ వీటిని పెద్ద ఎలుకలనుకుని దీవికి ఎలుకల గూడు అని పేరు పెట్టాడు. 2017 చివర్లో టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ వీటితో దిగిన సెల్ఫీ తర్వాత ఇక చెప్పక్కర్లేదు. వీటిని ముట్టుకోవడం, తిండి పెట్టడం నేరం, రేంజర్లు జరిమానా వేస్తారు. ఒక ఆకు ముక్క చూపించి రప్పించినా తిండి పెట్టినట్టే. బ్రెడ్, చిప్స్ వాటికి రోగాలు తెస్తాయి. ఫోటో కావాలంటే పద్ధతి ఉంది. దాని వెంట పడకుండా రెండు మీటర్ల దూరంలో బోర్లా పడుకోండి. ఫోన్‌ని తలకిందులుగా, కెమెరా నేలకి ఆనేలా పట్టుకోండి. అర నిమిషం కదలకండి. ఆసక్తి కొద్దీ అదే దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది. కింది నుంచి తీసినప్పుడే దాని నోటి వంపు నవ్వులా కనబడుతుంది. నిలబడి పై నుంచి తీస్తే మట్టిరంగు బంతే వస్తుంది. పగలు పొదల నీడలో నిద్రపోతుంటాయి, సెటిల్‌మెంట్ దగ్గర కొన్ని తిరుగుతూనే ఉంటాయి. పొద్దు వాలాక గుంపులుగా బయటికి వస్తాయి. పిల్లలు తల్లి సంచిలోంచి తొంగిచూడడం సెప్టెంబర్ ప్రాంతంలో బాగా కనిపిస్తుంది. రాత్రి ఉండిపోయేవాళ్ళకి దొరికే అసలైన లాభం ఇదే.

దక్షిణ తీరంలో ముందు పార్కర్ పాయింట్, ఆ తర్వాత లిటిల్ సాల్మన్ బే. రెండు చోట్లా స్నార్కెల్ ట్రెయిళ్ళున్నాయి, అంటే మాస్క్, గాలిగొట్టం పెట్టుకుని నీళ్ళలోకి చూస్తూ ఈదే దారులు, నీళ్ళడుగున పలకలు పెట్టి చేపల గురించి రాశారు. పెర్త్ తీరంలో లేని రంగురంగుల చేపలు, పగడాలు ఇక్కడెందుకు ఉన్నాయంటే, ఉత్తరం నుంచి వెచ్చటి నీళ్ళు మోసుకొచ్చే లూవిన్ సముద్ర ప్రవాహం దీవిని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ప్రవాహం అక్కడి శరదృతువు, అంటే మార్చి నుంచి బలపడుతుంది కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలలు స్నార్కెలింగ్‌కి భేషుగ్గా ఉంటాయి. నీళ్ళు వెచ్చన, మధ్యాహ్నపు గాలి కూడా తగ్గుముఖం. నన్నడిగితే మొత్తం ట్రిప్‌కే ఇవి మంచి నెలలు.

మాస్క్ అద్దెకి తీసుకునేటప్పుడు పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలెయ్యండి. మాస్క్ పడిపోకుండా అతుక్కుంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. పడిపోతే పట్టీ ఎంత బిగించినా నీళ్ళు కారతాయి, ఇంకోటి అడగండి. మీసాలున్నవాళ్ళకి పై పెదవి దగ్గర నుంచి కారుతుంది, అక్కడ కొంచెం వాసెలిన్ రాస్తే ఆగుతుంది. జుట్టు మాస్క్ అంచు కిందికి రాకూడదు. లోపలి అద్దం మీద ఉమ్మి రుద్ది, సముద్రపు నీళ్ళతో ఒకసారి తొలిస్తే ఆవిరి పట్టదు. అసహ్యంగా ఉన్నా పనిచేసేది అదే.

ఈత రానివాళ్ళ విషయంలో మొహమాటం వద్దు. ఇక్కడి బీచ్‌ల్లో చాలావాటికి లైఫ్‌గార్డులు లేరు, ఈతకి హద్దు చూపే ఎరుపు పసుపు జెండాలు లేవు. సెటిల్‌మెంట్ నుంచి పది నిమిషాల నడకలో ఉన్న బేసిన్ సున్నపురాతి మధ్య సహజంగా ఏర్పడిన మడుగు, అడుగున ఇసుక, నీళ్ళు గాజులా ఉంటాయి. మోకాలి లోతు నుంచి నాలుగడుగులేస్తే తల మునిగే లోతు వచ్చేస్తుంది, అంత తేటగా ఉండడంతో లోతు అంచనా తెలియదు. ఫ్రెండ్స్ పిలుస్తున్నారని రాతి అంచు దాటకండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, సిగ్గుపడే పని కాదది. షార్క్ హెచ్చరికల కోసం షార్క్‌స్మార్ట్ డబ్ల్యూఏ యాప్ చూడొచ్చు.

దక్షిణ తీరం నుంచి లోపలికి తిరిగితే వాజెమప్ లైట్‌హౌస్. ఇప్పుడున్న టవర్ 1896 నాటిది, 38 మీటర్లు. దగ్గరలోని ఆలివర్ హిల్ మీద 1930లలో పెట్టిన 9.2 అంగుళాల ఫిరంగులున్నాయి. అక్కడి నుంచి నారో నెక్ అనే సన్నటి నేలపట్టీ మీదుగా వెస్ట్ ఎండ్. గాలి పూర్తిగా తగిలే చోటు ఈ మెడభాగమే. కేప్ వ్లామింగ్ దగ్గర చెక్క నడకదారి, పక్కన ఫిష్ హుక్ బే, కెథడ్రల్ రాక్స్ దగ్గర నీళ్ళలో పొర్లే సీల్‌లు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పోయే హంప్‌బ్యాక్ తిమింగలాలు కనబడే అవకాశం ఉంది. కొండ అంచు సున్నపురాయి, గుల్లగా ఉంటుంది, కింద తొలిచేసి ఉన్నా పైకి తెలియదు. సెల్ఫీ కోసం కంచె దాటకండి. పొదల్లో డ్యుగైట్ అనే విషసర్పం ఉంటుంది, దారి వదలకుండా నడిస్తే దాంతో పేచీ లేదు. ఎమర్జెన్సీ అయితే 000. సెటిల్‌మెంట్‌లో నర్సింగ్ పోస్ట్ ఉంది, ఓఎస్‌హెచ్‌సీ (విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా) కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

తిరుగుదారిలో స్టార్క్ బే, పారకీట్ బే, జార్డీ బే. పారకీట్ బే దగ్గర గంట ఆగండి, మిగతావి చూసీ చూడనట్టు వదిలేసినా ఫర్వాలేదు. తొక్కుడు రెండు గంటలే, ఆగడాలన్నీ కలుపుకుంటే ఆరేడు గంటలు. అంత ఓపిక లేనివాళ్ళకి దిగుతూ ఎక్కుతూ తిరిగే ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్ ఉంది, ఆఖరి బస్ టైమ్ ముందే ఫోటో తీసుకోండి.

ఆదివారం పొద్దున సెటిల్‌మెంట్‌కి కేటాయించండి. వాలంటీర్ గైడ్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు, వాళ్ళతో తప్పక వెళ్ళండి. ఈ సెలవుల దీవి 1838 నుంచి దాదాపు వందేళ్ళు ఆదివాసుల జైలు. వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రం అంతటి నుంచీ సుమారు 4,000 మంది పురుషుల్ని, మగపిల్లల్ని గొలుసులేసి తెచ్చారు. ఇక్కడి భవనాలు చాలావరకు వాళ్ళు కట్టినవే. కనీసం 373 మందిని ఇక్కడే పూడ్చారు. వాళ్ళని బంధించిన క్వాడ్ భవనంలో 2018 దాకా టూరిస్టులకి గదులు అద్దెకిచ్చారు. శ్మశానం ఉన్న స్థలంలో బోర్డులు చదవకుండా సైకిళ్ళు ఆనించి ఫోటోలు దిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అలా చెయ్యకండి.

రాత్రి బసకి క్యాంప్‌గ్రౌండ్ చవక, ఆ తర్వాత దీవి అథారిటీ కాటేజీలు. ఆరుగురు కలిసి కాటేజీ పంచుకుంటే తలకి పడేది తగ్గుతుంది, కానీ వేసవి శనివారాలు నెలల ముందే నిండిపోతాయి. దుప్పట్లు, తువ్వాళ్ళు ఇస్తారో లేదో బుకింగ్‌లో చూడండి, క్యాంప్‌కైతే అన్నీ మీవే. సామాను మీద బస పేరు, నంబర్ రాసిన ట్యాగ్ కడితే జెట్టీ నుంచి చేర్చేస్తారు. అది వచ్చేసరికి సాయంత్రం కావచ్చు, కాబట్టి నీళ్ళు, సన్‌స్క్రీన్, ఈత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. టెంట్‌లో తినేవి పెట్టి బయటికి వెళ్తే క్వొక్కా గుడ్డ చింపుకుని మరీ లోపలికి వస్తుంది.

వచ్చేరోజు ఫెర్రీ టైముకి గంట ముందే సైకిల్ అప్పగించండి, ఆఖరి నిమిషంలో క్యూ పెరుగుతుంది. ఫెర్రీ తప్పితే తర్వాతి దాంట్లో సీటుంటే ఎక్కిస్తారేమో గానీ, ఆఖరిది తప్పితే ఆ రాత్రికి గది దొరకడం కష్టం, ఎక్కడపడితే అక్కడ టెంట్ వేసుకోవడానికి అనుమతి లేదు. అందుకే ఆఖరి ఫెర్రీ కాకుండా దాని ముందుది బుక్ చేసుకోండి.